వీపు పొడవు

టైలరమ్మ కత్తెర పడితే ఎలాంటి ఒంటికైనా బట్ట ఒద్దికగా అమరుతుంది. ఆ పనితనమే ఆమె కొంప ముంచింది.

మొగుడు వ్యాను డ్రైవరు. ముప్పై నిండకుండానే నడుం నొప్పి పట్టుకుంది. పొద్దున లేస్తే కర్రలా బిగుసుకుపోయేవాడు, కాస్త అటూ ఇటూ తిరిగాక సర్దుకునేవాడు. నొప్పికి విశ్రాంతే మందని టైలరమ్మ సెలవు రోజున ఆయన్ని మంచం దిగనిచ్చేది కాదు. పాడు ప్రేమ! పడుకున్నకొద్దీ నొప్పి ముదిరింది.

ఈలోగా చొక్కా వెనకంచు పైకి లేవసాగింది. వీపు వంగితే అంతే మరి. ఆయన చిన్నబుచ్చుకుంటాడని ఆమె గుట్టుచప్పుడు కాకుండా వెనకభాగం కాస్త పొడుగ్గా కత్తిరించింది. మరుసటేడు ఇంకాస్త. చొక్కా ఎప్పుడూ చక్కగా ఉండేసరికి, తను వంగుతున్నానన్న అనుమానమే ఆయనకి రాలేదు.

చివరికి రక్తపరీక్షలూ స్కానూ చూసి డాక్టరమ్మ తేల్చింది.

"ఇది బరువులెత్తితే వచ్చే నొప్పి కాదు. వెన్నెముక కీళ్ళలో వాపు. రోగాల నుంచి కాపాడాల్సిన శక్తే దారితప్పి మన ఒంటి మీద పడింది. వదిలేస్తే ఎముకలు అతుక్కుపోతాయి. మెడదాకా పాకితే పక్కకి తిరిగి చూడలేరు, ఇక బండి నడిపినట్టే! మాత్రలు చాలకపోతే ఇంజెక్షన్లున్నాయి. రోజూ వ్యాయామం చెయ్యాల్సిందే, సిగరెట్టు మానాల్సిందే. వంగింది పూర్తిగా నిలబడదేమో గానీ, మిగతాది కాపాడుకోవచ్చు."

"నేనెక్కడ వంగానండీ? చొక్కా చూడండి ఎలా ఉందో!" అన్నాడు డ్రైవరు దర్జాగా. ఇంటికొచ్చి మాత్రలు ఓ మూల పడేశాడు.

టైలరమ్మకి అన్నం సహించలేదు. ఒంటిమీది చొక్కాయే అబద్ధమాడుతుంటే డాక్టరమ్మ మాట చెవికెక్కుతుందా? నొప్పి రాకముందున్న వీపు పొడవుకే కొత్త చొక్కా కుట్టి తొడిగింది. భుజాలు, కాలరు అతికినట్టు కుదిరాయి. వెనకంచు మాత్రం బెల్టు పైకి తేలింది.

"ఏమే, చెయ్యి తిరిగినదానివి, ఇదేం కుట్టు?"

"కుట్టు సరిగ్గానే ఉందండీ. ఇన్నాళ్ళూ మీరు బాధపడతారని వెనక పెంచి కుట్టాను."

ఆయన అద్దం ముందు పక్కకి తిరిగి చూసుకున్నాడు. ముందు కోపం వచ్చింది, ఆ వెనకే భయం. టైలరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది.

"ఏడవకు. ఆ మాత్రలెక్కడ పడేశానో వెతుకు," అన్నాడు. "ఇకమీదట నా చొక్కాలన్నీ ఈ కొలతకే కుట్టు. ఇంకో వేలెడు పైకి లేస్తే నాకు తెలియాలి."