రెండో వార్డు, ఆరో మంచం

మా తమ్ముడు ప్రోగ్రామరు. ఈ ఆస్పత్రి వెబ్‌సైటు రాసింది వాడే. మా ఆయన గుండెనొప్పితో ఇక్కడ చేరితే, పలకరించడానికి పెళ్లికొచ్చినంత హుషారుగా వచ్చాడు. ఈ పొద్దుటి నుంచే నర్సులకి కొత్త పేజీ మొదలైందట. మంచం పక్కన కూర్చుని వాళ్ల బావకి పాఠం చెప్పాడు. పేజీ అడ్రసులో ముందు వార్డు నంబరు, తర్వాత మంచం నంబరు ఉంటాయి. ఆ రెంటినీ తీసి ఫంక్షన్‌ అనే ప్రోగ్రాము ముక్కకి అందిస్తే, ఆ మంచానికి ఇవ్వాల్సిన మందేదో అది తెచ్చి చూపిస్తుంది. ఎవరి గుట్టు వాళ్లది కాబట్టి రోగి పేరు మాత్రం తెర మీద రాదు. కంప్యూటరంటే ఆమడ దూరం పారిపోయే మా ఆయన ఓపికగా తలూపారు.

నర్సు ట్యాబ్‌ పట్టుకుని వచ్చింది. రెండో వార్డు, ఆరో మంచం నొక్కి, తెర చూసి సిరంజిలోకి మందు తీసుకుంది. తన ఘనకార్యం చూసుకుందామని తమ్ముడు ఆమె వెనక నుంచి తొంగిచూశాడు.

“సిస్టర్, ఆ సూది ఆపండి.”

తెర మీద ఇన్సులిన్‌ అని ఉంది. మా ఆయనకి షుగరే లేదు. ఆయనకి రావాల్సింది రక్తం పలచన చేసే మందు. నేను మంచం కమ్మీ పట్టుకున్నాను. తెరలో ఏముంటే అదే ఇవ్వమన్నారు కదా అని నర్సు విసుక్కుంది.

తమ్ముడు ల్యాప్‌టాప్‌ తెరిచాడు. అడ్రసు వార్డు నంబరు ముందు ఇస్తోంది. వాడి ఫంక్షనేమో మొదట వచ్చేది మంచం నంబరనుకుని తీసుకుంటోంది. వార్డులు పది, వార్డుకి మంచాలూ పదే కాబట్టి అది ఎక్కడా నోరెత్తలేదు. మా ఆయన మంచాన్ని అడిగితే ఆరో వార్డు రెండో మంచాన్ని తెచ్చి పెట్టింది. ముందే పరీక్షించి చావలేదా అన్నాను. పరీక్షించాడట, ప్రతిసారీ మూడో వార్డు మూడో మంచంతోనే. తిరగేసినా బోర్లేసినా మూడే. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుంటే తెలుస్తుందంటారు, వీడికి దొరికిన మెతుకు అలాంటిది.

పేజీ మొత్తం ఆపెయ్యమని వాడు ఆఫీసుకి ఫోన్‌ చేశాడు. నర్సు సిరంజి ట్రేలో పెట్టేసింది. గండం గడిచిందని నాకు ప్రాణం లేచొచ్చింది. వాణ్ణి రెండు తగిలించాలనీ ఉంది, దణ్ణం పెట్టాలనీ ఉంది.

వాడు మాత్రం ఊపిరి తీసుకోలేదు. పై అంతస్తులోని ఆరో వార్డులో ఎవరుంటారని నర్సుని అడిగాడు. నిన్నా మొన్నా ఆపరేషన్లయిన వాళ్లంది.

“అక్కడ రెండో మంచానికి ఇంజెక్షన్‌ ఎప్పుడిస్తారు?”

“అక్కడ ఇచ్చేసే ఇటు వచ్చాను.”

ఇద్దరూ మెట్ల వైపు పరుగెత్తారు. ఏమైందని మా ఆయన అడిగారు. ఏం లేదన్నాను. పై అంతస్తులో ఎవరో ఆవిడ, కుట్లలోంచి రక్తం ఆగట్లేదు, ఎవరైనా రండి అని పిలుస్తోంది. నేను ఆయన చెయ్యి వదల్లేదు.