బండి దారిలో చెలమలు

బోరింగుకి ఎర్ర రంగు పూసిపోయారు.

వాగొడ్డు కాలనీ మొత్తానికి ఉన్న బోరింగు అదొక్కటే. ఊళ్ళోకి సాగర్ నీళ్ళ కుళాయిలు ఎప్పుడో వచ్చాయి. కాలనీకి పైపులైతే వచ్చాయి గానీ వాటిలోకి నీళ్ళు రాలేదు. కొన్నాళ్ళుగా బోరింగు కొడితే ముందు నురగ, దాని వెనక పచ్చటి నీళ్ళు, ముక్కు మూసుకోవాల్సిన వాసన. సచివాలయం నుంచి అసిస్టెంటు వచ్చి సీసాలో పట్టుకుపోయాడు. ఈసారి రంగు డబ్బాతో వచ్చాడు. పిడి నుంచి కిందిదాకా పూసి, ఈ నీళ్ళు తాగొద్దని చెప్పి స్కూటరెక్కబోయాడు.

బిందెలు చంకన పెట్టుకున్న ఆడవాళ్ళు పక్కకి జరగలేదు. తాగొద్దు సరే, మరేం తాగాలని మిరపకోత ముఠా మేస్త్రి గుల్జార్ బేగం అడిగింది. పైకి రాశామని, కబురొచ్చేదాకా సర్దుకోవాలని అతను అన్నాడు.

“దప్పిక్కి కూడా పైకి రాయాలా నాయనా?” అందామె.

స్కూటరు వెళ్ళిపోయింది. ఎండకి రంగు అప్పుడే ఆరిపోతోంది.

జక్రయ్య ఇదంతా చర్చి గోడ పక్కన నిలబడి చూశాడు. అతన్ని ఎవరూ ఏమీ అనలేదు. అతని ఖాకీ చొక్కా వంక ఒకసారి చూసి ముఖాలు తిప్పుకున్నారు. టౌన్లో ఇళ్ళ సెప్టిక్ ట్యాంకులు తోడే ట్యాంకరుకి అతను డ్రైవరు. ఎంత రుద్దుకున్నా ఆ చొక్కాకి ఉన్న వాసన పోదు.

జక్రయ్య మొదట్నుంచీ డ్రైవరు కాదు. కౌలుకి మిరప వేసినవాడు. నల్లి పడి తోట తోటంతా ముడుచుకుపోయిన ఏడు, మున్సిపాలిటీ కాంట్రాక్టరు శ్రీకృష్ణ పిలిచి స్టీరింగు చేతికిచ్చాడు. లైసెన్సు తీసుకుని తన బీరువాలో పెట్టుకున్నాడు. డ్రైవర్లందరి లైసెన్సులూ అందులోనే ఉంటాయి. మానేస్తానన్నవాడికి అది ఎంత వెతికినా దొరకదు.

మొదట్లో అది తప్పుడు పనిగా అనిపించలేదు. ఖాళీ చేలల్లో పోస్తే పత్తి ఏపుగా వస్తుందని రైతులే బతిమాలి పోయించుకునేవాళ్ళు. చేలల్లో మొక్క లేచాక బండి ఖాళీ చెయ్యడానికి చోటు లేకుండా పోయింది. అప్పుడు శ్రీకృష్ణ వాగు చూపించాడు. వంపు తిరిగిన చోట, తుమ్మల చాటున. వాన పడ్డ నాలుగు రోజులు తప్ప వాగంటే వట్టి ఇసకే కదా, పీల్చేసుకుంటుందన్నాడు. జక్రయ్యకీ అలాగే అనిపించింది. ఇసకని నమ్మడం వాళ్ళ ఇళ్ళలో తాతల నాటి అలవాటు.

ఆ అలవాటే కాలనీని ముంచింది.

బోరింగు చెడిందని తేలగానే ఆడవాళ్ళు పారలు, ముంతలు తీసుకుని వాగులోకి దిగారు. బోరింగులు లేని రోజుల్లో ఆ కాలనీ తాగింది చెలమ నీళ్ళే. మోచేతి లోతు ఇసక తోడితే అడుగున నీరు ఊరుతుంది. మొదట ఊరినవి పారబోస్తారు. తేరుకున్నాక ముంతతో నెమ్మదిగా ముంచి, పాత చీర చెంగులో వడపోసి బిందె నింపుకుంటారు. ఇంటికో చెలమ. ఒకరి చెలమలో ఇంకొకరు ముంత పెట్టరు. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. రంగు లేదు, వాసన లేదు. ఇంత ఇసకలోంచి ఊరినవాటికి దోషమేముంటుందని ముసలివాళ్ళు ధైర్యం చెప్పారు. ఒక్క ఇంట్లో కూడా కాచలేదు. చెలమ నీళ్ళు కాచి తాగుతామంటే నవ్వుతారు.

జక్రయ్య భార్య ఎలీసమ్మ తెచ్చిన మొదటి బిందెలో నీళ్ళు అతనూ తాగాడు. తియ్యగా ఉన్నాయి. చెలమలకి పైన వంపు, వంపు దగ్గర తుమ్మలు. మధ్యలో అంత ఇసక ఉంది కదా అనుకుని రెండో ముంత కూడా తాగాడు.

కామెర్లు పిల్లలతో మొదలయ్యాయి. పసరు మందుకని తల్లులు ఆటోల్లో పిల్లల్ని వేసుకుని తిరిగారు. ఇంటర్ చదివే జక్రయ్య కూతురు అఖిల పుస్తకం మీదే తల వాల్చి నిద్రపోయేది. కనురెప్ప ఎత్తి చూస్తే పసుపు పూసినట్టుంది. గుల్జార్ బేగం కోడలు నజ్మీన్‌కి నెలలు నిండుతున్నాయి. గుంటూరు తీసుకుపోయేసరికే ఆమెకి ఒంటి మీద తెలివి లేదు. తల్లీ, కడుపులో బిడ్డా ఒకే బండిలో తిరిగొచ్చారు. ఆ పిల్లకి చివరి స్నానం చేయించడానికి కూడా కాలనీలో నీళ్ళు లేవు. టౌన్ నుంచి క్యాన్లు తెప్పించారు.

ఆ సాయంత్రం ఎలీసమ్మ మొగుడికి అన్నం పెట్టింది. కంచం పక్కన ముంత పెట్టి, దాని మీద అరచెయ్యి మూసింది.

“ఏమయ్యా, బండి ఎక్కడ దింపుతున్నావు?”

అతను తలెత్తలేదు. “వంపు కాడ.”

“మన చెలమల పైన.”

“మధ్యలో ఇసకుంది గదా అనుకున్నా.”

“నేనూ అదే అనుకున్నా.” ఆమె చెయ్యి తియ్యలేదు. “రేపు కూడా దింపుతావా?”

“నేను దింపకపోతే ఇంకొకడు దింపుతాడు.”

“ఇంకొకడి సంగతి నేనడగలా.”

లోపల గదిలో అఖిల వాంతి చేసుకుంటోంది. జక్రయ్య కంచంలో చెయ్యి కడుక్కుందామనుకున్నాడు. ముంత ఆమె చెయ్యి కిందే ఉంది. ఎండిన చేత్తో లేచి బయటికి పోయాడు.

మర్నాడు సాయంత్రం చర్చి రేకుల షెడ్డు కింద కాలనీ అంతా కూర్చుంది. చర్చికి వచ్చేవాళ్ళూ వచ్చారు, మసీదుకి పోయేవాళ్ళూ వచ్చారు. ట్యాంకరు తగలబెట్టాలని కొందరు కుర్రాళ్ళన్నారు. ముందు జక్రయ్యని కాలనీలోంచి వెళ్ళగొట్టాలని ఇంకొకరన్నారు. తిన్న ఇంటికే చేటు తెచ్చాడని ఒక ముసలామె శాపనార్థాలు పెట్టింది. జక్రయ్య వెనక స్తంభానికి ఆనుకుని అన్నీ విన్నాడు. ఎలీసమ్మ ఆడవాళ్ళ మధ్య కూర్చుంది. మొగుడి తరపున నోరు విప్పలేదు.

రెండో ట్యాంకరు డ్రైవరు ఇషాక్ లేచాడు. ఒకప్పుడు చీమకుర్తిలో గ్రానైట్ రాళ్ళ లారీ తోలినవాడు. మెల్లగా మాట్లాడ్డం చేతకాదు.

“ఈయన్ని వెళ్ళగొట్టండి, నన్నూ తన్నండి. ఎల్లుండికల్లా శ్రీకృష్ణ వినుకొండ నుంచి ఇంకో ఇద్దర్ని తెచ్చుకుంటాడు. బండి ఆగదు. టౌన్లోవాళ్ళు దొడ్డికి పోవడం మానతారా ఏంది?”

ఎవరో నవ్వారు. ఆ నవ్వుకి షెడ్డులో బిగువు కాస్త సడలింది. ఆ సందులో జక్రయ్య స్తంభం వదిలి ముందుకొచ్చాడు. ట్యాంకుల్లోంచి తోడిన మడ్డిని శుద్ధి చెయ్యడానికి ప్లాంటు కట్టారని చెప్పాడు. టౌన్ బయట, పెద్ద గోడ, లోపల సిమెంటు మడులు. మడ్డి అందులో పోసి ఆరబెట్టాలి, నీళ్ళు తేర్చి శుభ్రం చేసి వదలాలి. రిబ్బను కత్తిరించాక ఒక్క బండి కూడా లోపలికి పోలేదు.

“తాళం ఆయన దగ్గరే ఉంది. ఆ మడుల్లో మిరపకాయలు ఎండబోస్తున్నాడు.”

కోడలు పోయాక ఎవరితోనూ మాట్లాడని గుల్జార్ బేగం అప్పుడు తలెత్తింది.

“నీలం రంగు గోడ. గేటు పక్కన నీళ్ళ ట్యాంకీ. అదేనా?”

“అదే అత్తా.”

గుల్జార్ బేగం ముఠా ఈ ఏడు కాయ మొదలైనప్పట్నుంచి తెల్లబోయిన తాలుకాయలు ఏరింది ఆ గోడ లోపలే. ఎవరో పెద్ద షావుకారు కల్లం అనుకున్నారు. ఇంత మంచి గచ్చు ఎక్కడా చూడలేదని, కాయకి మట్టి రేణువు అంటదని మెచ్చుకున్నారు కూడా. నజ్మీన్ నిండు కడుపుతో అక్కడే గోడ నీడన కూర్చుని ఏరింది.

“కాయలకి గచ్చు ఇచ్చి, ఆ గచ్చు మీద పొయ్యాల్సింది మన నోట్లో పోశాడు,” అంది గుల్జార్ బేగం. “మేం కూర్చుని ఆ కాయలు బాగుచేసి పెట్టాం. ఇంక ఈ ఒక్కడినే ఏమని తిడతాం?”

ముందు మున్సిపల్ ఆఫీసుకి పోయారు. వాగు మా పరిధి కాదన్నారు. ఇరిగేషన్ వాళ్ళు, పోసింది మేం కాదన్నారు. ప్లాంటు సంగతి దాన్ని నడిపే ఏజెన్సీని అడగమన్నారు. ఏజెన్సీ ఎవరంటే శ్రీకృష్ణే. తిరిగి తిరిగి మళ్ళీ ఎర్ర బోరింగు దగ్గరికే వచ్చారు. ఏ గుమ్మం తట్టినా దాని వెనక ఆయనే ఉన్నాడు.

వాగులోకి బండి దిగే దారి ఒక్కటే కదా, రేపు చెలమలు అక్కడ తీద్దామని గుల్జార్ బేగం అంది. డ్రైవర్లు ఇంట్లో కూర్చుంటే కొత్తవాళ్ళు దిగుతారు కాబట్టి, బండ్లు ఎప్పట్లాగే రావాలనుకున్నారు. వచ్చాక ఏం చెయ్యాలో జక్రయ్యకి ఎవరూ చెప్పలేదు. ఎలీసమ్మ కూడా చెప్పలేదు.

పొద్దెక్కాక జక్రయ్య నిండు బండితో గట్టు మలుపు తిరిగాడు. వెనక ఇషాక్, అతని వెనక శ్రీకృష్ణవే ఇంకో రెండు బండ్లు. గట్టు కోసి చదును చేసిన ఆ దారికి రెండు పక్కలా తుమ్మకంపే. దారి నిండా చెలమలు. ఇంటికొకటి, గట్టు కోత దిగిన చోటి నుంచి వాగు మధ్యదాకా. ప్రతి చెలమ పక్కనా ఒక ఆడమనిషి, ఒక బిందె. అన్నిటికన్నా ముందున్న చెలమ దగ్గర ఎలీసమ్మ కూర్చుంది.

జక్రయ్య బ్రేకు మీద కాలేశాడు. శ్రీకృష్ణ కారు అప్పటికే అక్కడుంది. పక్కన పోలీసు జీపు. దారి తవ్వితే కేసవుతుందని ఎస్సై చెబుతున్నాడు.

“దారి తవ్వలేదు సార్. చెలమ తీసుకున్నాం,” అంది గుల్జార్ బేగం. “బోరింగు తాగొద్దని మీ గవర్నమెంటే రంగేసింది. వాగులో గుంట తీసుకుంటే కూడా తప్పా?”

శ్రీకృష్ణ ఆమె వంక చూడలేదు. బండి దగ్గరికొచ్చి తలుపు మీద చరిచాడు.

“ఒరేయ్ జక్రయ్యా, పోనీరా. వట్టి ఇసక గుంటలు. చక్రం ఎక్కితే వాళ్ళే లేస్తారు.”

ఎలీసమ్మ లేవలేదు. మొగుడి వైపు చూడనూ లేదు. ముంతతో మొదట ఊరిన నీళ్ళు తోడి పారబోస్తోంది. ముందు ఆమె, వెనక ఇషాక్ బండి. పక్కలకి కంప. వీపు వెనక పట్నం మొత్తం మోయించిన బరువు వెచ్చగా కదులుతోంది. ఇన్నాళ్ళూ తను వెనక్కి తిప్పొచ్చన్న సంగతి ఎందుకు తట్టలేదా అనుకున్నాడు. అద్దంలో చూశాడు. ఇషాక్ అప్పటికే బండిని మెల్లగా వెనక్కి తీస్తున్నాడు.

జక్రయ్య రివర్సు గేరేశాడు.

రోడ్డెక్కాక వెనక బండ్లు పక్కకి తీసి అతన్ని ముందు పోనిచ్చాయి. అతను ప్లాంటు వైపు తిప్పాడు. వాగులోంచి ఆడవాళ్ళు బిందెలతో సహా లేచి, పత్తి చేల గట్ల మీద అడ్డంగా నడిచారు. మిరప బస్తాల ట్రాక్టరొకటి ఆగి కొందర్ని ఎక్కించుకుంది. శ్రీకృష్ణ కారు, ఎస్సై జీపు హారన్లు కొడుతూ దాటుకుని ముందే ప్లాంటు గేటు చేరాయి. ఆ గేటుకి పోయేది ఒక్క బండి పట్టే సందు. జక్రయ్య బండిని జీపు వెనక దాకా తెచ్చి ఆపాడు. మిగిలినవి అతని వెనక ఆగాయి.

గేటుకి తాళం. చువ్వల్లోంచి లోపలి మడులన్నీ ఎర్రగా కనిపిస్తున్నాయి. గుల్జార్ బేగం ముఠా మానేశాక వేరే ఊరి ఆడవాళ్ళని పిలిపించుకున్నాడు. వాళ్ళు ముఖాలకి గుడ్డలు కట్టుకుని తాలు ఏరుతున్నారు.

జక్రయ్య కిందికి దిగాడు.

“గేటు తియ్యండి. ఇక్కడే దింపుతాను.”

అంత మందిలో అతని గొంతు అంత పైకి రావడం అదే మొదలు. శ్రీకృష్ణ ఎస్సై వైపు తిరిగాడు. బండి ఎత్తుకొచ్చాడన్నాడు, వీడి దగ్గర లైసెన్సు కూడా లేదు చూడండన్నాడు.

“లైసెన్సు ఆయన బీరువాలో ఉంది సార్,” అన్నాడు జక్రయ్య.

ఎస్సై ఆ మాట విననట్టే చెయ్యి పట్టుకుని అతన్ని జీపు వెనక ఎక్కించాడు. అప్పటికి జనం చేరుకున్నారు. గుల్జార్ బేగం గేటు చువ్వలు పట్టుకుని లోపలి ఆడవాళ్ళతో మాట్లాడింది. అరవలేదు. తన కోడలు కూర్చున్న చోటు వేలితో చూపించింది. ఏ నీళ్ళు తాగిందో, ఆ నీళ్ళలోకి ఏది వచ్చిందో, అది ఎక్కడికి రావాల్సిందో చెప్పింది. లోపలినుంచి ఒకామె ముఖం గుడ్డ కిందికి లాగి, మీది ఏ ఊరని అడిగింది. వాగొడ్డు కాలనీ అని చెప్పారు. ఆమె చీపురు తీసుకుని మడిలో కాయల్ని ఒక మూలకి ఊడవడం మొదలుపెట్టింది. ఆమె పక్కామె లేచింది. ఎవరు చెయ్యమన్నారని శ్రీకృష్ణ గేటు అవతలికి కేకలేశాడు. ఒక్కరు కూడా తల తిప్పలేదు. మిరప ఘాటు లేచి పోలీసులు కూడా దగ్గారు.

జీపు స్టార్టయింది. ముందు తాళం వేసిన గేటు. వెనక జక్రయ్య ట్యాంకరు, దాని వెనక మిగిలిన ట్యాంకర్లు, సందు పొడవునా. బండ్లు తియ్యమని ఎస్సై అరిచాడు. ఇషాక్, మిగతా డ్రైవర్లు ఇంజన్లు ఆపి కిందికి దిగారు.

“లైసెన్సు లేకుండా బండి తోలడం తప్పంట గదా సార్,” అన్నాడు ఇషాక్. “మావీ ఆ బీరువాలోనే ఉన్నాయి.”

జనంలో నవ్వు పుట్టింది. ఎస్సై శ్రీకృష్ణ వంక చూశాడు. శ్రీకృష్ణ జేబులో తాళంచెవి మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు. తియ్యలేదు. ఎండ ముదురుతోంది. నిండు ట్యాంకర్ల వాసన జీపునీ, కారునీ, శ్రీకృష్ణ ఖద్దరు చొక్కానీ సమానంగా పట్టుకుంటోంది.

ఎలీసమ్మ జీపు పక్కకొచ్చింది. జాలీలోంచి జక్రయ్య ముఖం సగమే కనిపిస్తోంది.

“అఖిల అడిగిద్ది, నాన్న బండి ఎక్కడ దింపాడని,” అంది. “చెప్తాలే.”

ఆమె పోయి గేటు దగ్గర మిగతావాళ్ళ పక్కన కూర్చుంది. లోపల చీపుర్లు ఆగలేదు. ఒక మడిలో ఎరుపు పక్కకి జరిగి బూడిద రంగు గచ్చు బయటపడింది. వాళ్ళు రెండో మడిలోకి దిగారు.