అత్తమ్మ ఇచ్చిన చలికాలం

తలుపు తీసేసరికి మా ద్రాక్షతీగలు వరండాలో వరుసగా నిలబడి ఉన్నాయి. గచ్చు పాడవకుండా వేళ్లకు అంటిన మట్టి దులుపుకొని మరీ వచ్చాయి.

"ఏమైంది?" అని అడుగుతాను.

"నిద్ర లేదు," అంటుంది ముందున్న తీగ. నేను మొదట నాటింది అదే. మిగతావాటి తరఫున ఎప్పుడూ అదే మాట్లాడుతుంది. "నువ్వు తెచ్చి నాటిన కాడ్నుంచి మాకు కన్నంటుకుంటలేదు. పాత ఆకు రాలకముందే కొత్త ఆకు వొస్తున్నది. గిట్లయితే ఎన్నాళ్లు బతుకుతం?"

వాటి భాష నాకు వింతగా లేదు. జాతి ఇటలీదైనా పెరిగింది మేడ్చల్ మట్టిలో.

వీటిని నెబ్బియోలో అంటారు. ఆ దేశంలో పొగమంచు దిగే కొండల మీద కాసే ఎర్ర ద్రాక్ష. నాసిక్ నుంచి తడి గోనెపట్టాలో చుట్టిన కొమ్మలుగా మా ఇంటికి వచ్చాయి. వైన్ చేయడం నాకెవరూ నేర్పలేదు. మొదటి ఏడు చేసింది పులిసిపోతే పచ్చళ్లలో పోసుకున్నాం. మరుసటి ఏడు చేసింది తాగి మా ఆయన శ్రీశైలం మర్యాదకు బాగుందన్నాడు. తొట్టికి చెవి ఆనించి వింటూ, వేలు ముంచి నాకుతూ, చెడిపోయింది పారబోస్తూ నేర్చుకున్నాను. ఇన్నాళ్లూ ఈ తీగలు నన్ను ఓర్చుకున్నాయి. తప్పుగా కత్తిరించిన చోట కూడా చిగురు వేసి చూపించాయి. వాటిని ఎలా కాదంటాను?

"ఏం కావాలె మీకు?"

"చలికాలం గావాలె. మా దిక్కు మంచు పడుతది, పండుకుంటం. లేసినంక కాస్తం. ఇక్కడ లేసుడు, కాసుడే ఉన్నది. పండుకునుడు లేదు."

"దొరక్కపోతే?"

"నడుసుకుంట ఉత్తరం దిక్కు పోతం. నీ మీద కోపం గాదు స్వరూపా. నువ్వు మంచిగనే సూసుకున్నవ్."

లోపలికి వెళ్లి స్టీలు గ్లాసుల్లో నీళ్లు తెచ్చి ఒక్కో తీగకూ ఇస్తాను. తాగి, గ్లాసులు బోర్లించి పక్కన పెడతాయి.

శ్రీశైలం నీళ్ల ట్యాంకర్ నడుపుతాడు. సంగతి విని, ఆ ట్యాంకర్ నిండా ఐసు గడ్డలు వేసుకొని వస్తాడు. ముందు తీగ ఒక గడ్డను ముట్టుకొని చూసి, ఆయన చిన్నబుచ్చుకోకుండా నెమ్మదిగా అంటుంది: "ఇది సల్లదనం అన్నా. చలికాలం గాదు."

శ్రీశైలం తలూపుతాడు. అందులో తేడా ఉందని ఆయనకూ తెలుసు.

హైవే పక్కనున్న కోల్డ్ స్టోరేజీకి వెళతాను. అక్కడి మేనేజరు మర్యాదగా కుర్చీ వేస్తాడు. "చలి ఉన్నదమ్మా, లేదనను. కాని మా దగ్గర ఉన్నదంతా మిరపకాయల చలి. ద్రాక్షకు పడతదో లేదో," అంటాడు. నమూనాకు కొంచెం జేబురుమాల్లో కట్టిస్తాడు. ఇంటికొచ్చి ముడి విప్పగానే తీగలన్నీ తుమ్మడం మొదలుపెడతాయి. ముడి మళ్లీ వేసి దాన్ని గోడ అవతల పెట్టి వస్తాను.

నిజానికి చలికాలం మా ఇంట్లోనే ఉంది. అది నాకు తెలుసు, శ్రీశైలానికి తెలుసు. అడిగే ధైర్యం ఇద్దరికీ లేదు.

అది అత్తమ్మ మంచానికి ఎడమపక్కన ఉంది. అది మామ పడుకునే వైపు. ఆయన పోయిన రోజు అక్కడ చలి దిగి, అలాగే ఉండిపోయింది. నడి ఎండల్లో కూడా ఆ పక్క దుప్పటి మీద మంచు పేరుకుంటుంది. పొద్దున్నే అత్తమ్మ దాన్ని అరచేత్తో సాపు చేస్తుంది తప్ప దులపదు. ఒక ఎండాకాలం పెరుగు గిన్నె అక్కడ పెట్టబోతే నా చేతిలోంచి తీసుకొని వంటింట్లో పెట్టేసింది. ఆమె కుడివైపు ముడుచుకొని పడుకుంటుంది, ఎడమచేయి ఆ మంచులో పెట్టుకుంటుంది. ఆ చేతి వేళ్లు ఎప్పుడూ నీలంగా ఉంటాయి.

అత్తమ్మ పేరు బాలామణి. మామతో కలిసి తెల్లద్రాక్ష తోట చేసిన మనిషి. నేను ఎర్రద్రాక్ష పెట్టినప్పటి నుంచి మాత్రం తోటలోకి రాదు. ఇప్పుడు వరండాలో గోడకానుకొని చిక్కుళ్లు ఒలుస్తూ అంతా వింటోంది. తీగల ఆకులు అంచుల్లో పాలిపోతున్నాయి. వెనక వరుసలో రెండు అప్పుడే ఉత్తరం వైపు తిరిగి నిలబడ్డాయి.

చాట పక్కన పెట్టి, ముందు తీగను అడుగుతుంది. "ఎంత చలి గావాలె మీకు?"

"ఒక మనిషి పండుకునేటంత ఉంటే సాలు అవ్వా. ఒకరి మీద ఒకరం సర్దుకుంటం."

అత్తమ్మ మోకాళ్ల మీద చేతులు ఆనించి లేస్తుంది. నేను వెంట వెళతాను.

"వద్దత్తమ్మా. అది మామది."

"ఆయనది ఆయన పట్టుకపోయిండు. ఇది నేను దాసుకున్నది." మంచం దగ్గర ఆగుతుంది. "తోట వాడిపోతే ఆయన బువ్వ తినకపోయేటోడు. నీకెరుకలేదు."

రెండు చేతులూ చాచి, దుప్పటి మీది చలిని అంచు పట్టి లేపుతుంది. అది చీరలా బరువుగా లేస్తుంది. దాన్ని ఒక్కసారి ముఖానికి ఆనించుకొని, గదిలోకి విదిలిస్తుంది. చలి పరుచుకున్నంత మేరా గది పొడవవుతుంది. ఎదురుగోడ వెనక్కి వెనక్కి వెళ్లి కనిపించకుండా పోతుంది. అది ఉన్న చోట బూడిదరంగు కొండలు, వాటి మీదుగా మెల్లగా దిగే పొగమంచు. మంచం, ట్రంకుపెట్టె, గోడ గడియారం ఎక్కడివక్కడే ఉన్నాయి.

తీగలు ఒక్కొక్కటే లోపలికి వెళతాయి. మనం చెప్పులు విడిచినట్టు, గడప బయట ఆకులు విడిచి వెళతాయి. కొండవాలు మీద వరుసలు కట్టి, ఒకదాని భుజం మీద ఒకటి తల వాలుస్తాయి. అన్నింటికన్నా చివర ముందు తీగ కళ్లు మూస్తుంది. నేను తలుపు దగ్గరగా వేస్తాను.

అత్తమ్మ మంచాన్ని ముందుగదిలోకి జరుపుతాం. మర్నాడు మధ్యాహ్నం ఆమె కునుకు తీయడానికి పడుకొని, పడుకోలేక లేచి కూర్చుంటుంది.

"ఏమైందత్తమ్మా?"

"పక్క ఖాళీగ ఉన్నది బిడ్డా. ఇన్నొద్దులు సల్లగ ఉండె. ఇప్పుడు ఖాళీగ ఉన్నది."

వెళ్లి ఆ ఎడమపక్కన పడుకుంటాను. తర్వాత ఆమె కూడా పడుకొని, అలవాటు కొద్దీ ఎడమచేయి నా మీద వేస్తుంది. చేయి ఐసులా ఉంది. కదలకుండా ఉంటాను. అది వెచ్చబడేదాకా అలాగే ఉంటాను.

తీగలు నిద్రపోయినన్నాళ్లూ రోజూ మధ్యాహ్నం అలాగే పడుకుంటాం. వేళ్ల నీలం కొద్దికొద్దిగా తగ్గుతుంది. ముందు చిటికెనవేలు, ఆ తర్వాత మిగతావి. ఒకరోజు అత్తమ్మ ఉక్కపోస్తోందని ఫ్యాను పెద్దగా పెట్టమంటుంది. ఈ ఇంట్లో ఆమె నోట ఆ మాట వినడం ఇదే మొదలు.

అప్పుడప్పుడు తీగలున్న గది తలుపుకు చెవి ఆనించి నిలబడుతుంది.

"ఒకటి గురక పెడుతున్నది."

"మామ లెక్కనా?"

"గాదు. ఆయనది ఇంకా పెద్దగ ఉండె," అని నవ్వుతుంది. మామ గురించి ఆమె నవ్వుతూ చెప్పగలదని అప్పుడే తెలుస్తుంది.

ఒక ఉదయం తలుపు దానంతటదే తెరుచుకుంటుంది. గది మామూలు పొడవుకు వచ్చేసింది. తీగలు కణుపు కణుపుకూ గులాబిరంగు మొగ్గలతో బయటికొస్తాయి. ఒక్కొక్కటీ అత్తమ్మ ముందు ఆగి, వంగి, లేత నులితీగతో ఆమె పాదాలను తాకి, తోటలోకి వెళ్లి తన గుంటలో తాను నిలబడుతుంది. ఈ అలవాటు వాటికి నేను నేర్పలేదు.

"సల్లగుండుండ్రి," అంటుంది అత్తమ్మ ప్రతిదానితోనూ.

ఆ ఏడు కాపు కొమ్మలు మోయలేనంతగా ఉంది. గుత్తుల మీద పలచని బూడిదరంగు పొర, పొగమంచును వెంట తెచ్చుకున్నట్టు. కోసి సిమెంటు తొట్టిలో పోస్తాం. నేను దిగి తొక్కుతుంటే అత్తమ్మ చీర కుచ్చిళ్లు పైకి దోపుకొని తానూ దిగుతుంది. నా భుజం పట్టుకుంటుంది. ఇద్దరం కలిసి తొక్కుతాం. రసం మోకాళ్ల దాకా వస్తుంది, వెచ్చగా ఉంది.

రసం పులుస్తుంది. తొక్కలు పైకి తేలుతాయి, వాటిని మళ్లీ మళ్లీ కిందికి ముంచుతాను. తొట్టికి చెవి ఆనిస్తే ఎన్నడూ వినని చప్పుడు వినబడుతుంది. ఎంతోమంది ఒకేసారి హాయిగా నిద్ర లేస్తున్నట్టుంది.

తేరిన వైన్‌ను గ్లాసులోకి వంపి మొదట నేను రుచి చూస్తాను. రంగు పలచగా ఇటుక ఎరుపు. ఎండిన గులాబీల వాసన, దాని వెనక వాన పడ్డ తారు రోడ్డు వాసన. నేరేడుపండులా నాలుకను గట్టిగా పట్టుకొని, మెల్లగా వదులుతుంది. ఇన్నేళ్లుగా నేను వెతుకుతున్నది ఇదే. తీగలకు దండం పెడతాను. గ్లాసు తీసుకెళ్లి అత్తమ్మ చేతికి ఇస్తాను.

"నీ దయ, అత్తమ్మా."

"నాదేమున్నది బిడ్డా," అంటుంది గాని గ్లాసు తీసుకుంటుంది. వాకిట్లో ఎండలో నిలబడి చిన్న గుక్క తాగుతుంది.

ఆమె నీడ వైన్‌లా ఎర్రబడుతుంది. ముందు తల దగ్గర, ఆ తర్వాత భుజాలు, చీర అంచు దాకా. అలలు లేస్తూ వాకిలంతా పరుచుకుంటుంది. గ్లాసు ఖాళీ అయ్యేసరికి గేటు దాటి రోడ్డు మీదికి పారుతుంది. చిలకల గుంపు ఒకటి దిగి నీడ అంచున వాలి తాగుతుంది. వెనకే మేకలు వస్తాయి. చీమలు బారు కట్టి వస్తాయి. రోడ్డు మీద శ్రీశైలం ట్యాంకర్ ఆపి దిగి, వంగి, దోసిలి పడతాడు.

"కూసోరాదత్తమ్మా, కాళ్లు గుంజుతయి," అంటాను.

"కూసుంటే ఒలుకుతది బిడ్డా," అంటుంది అత్తమ్మ. వచ్చినవాళ్లంతా తాగేదాకా, ఆ బూడిదరంగు కొండలు కూడా ఒకదాని వెనక ఒకటి వచ్చి మోకరిల్లి తాగేదాకా, ఆమె ఎండలో కదలకుండా నిలబడి ఉంటుంది.