ఫ్లెక్సీలో పదకొండో మనిషి

ఆటో నడిపే జీవరత్నం దగ్గర ఒక నోటుపుస్తకం ఉంది. అందులో పదకొండు పేర్లు, అందరిదీ బి నెగెటివ్. తొమ్మిదేళ్ళ కూతురు హెలెన్‌కి తలసీమియా. మూడు వారాలకోసారి రక్తం ఎక్కించకపోతే పిల్ల నాలుగు మెట్లు ఎక్కలేదు. ఆ పేర్లవాళ్ళని వంతులవారీగా బతిమాలుకుంటూ ఏడేళ్ళు నెట్టుకొచ్చాడు.

ఆ వంతులు చెడగొట్టిందీ తనే. ఏప్రిల్ మొదట్లో పటమటలో ఓ నాయకుడి పుట్టినరోజుకి రక్తదాన శిబిరం పెట్టారు. ఆటో స్టాండు పెద్దలు అడిగితే కాదనలేక పదకొండుమందికీ ఫోన్లు చేసి పంపాడు. అందరి ఫోటోలతో ఫ్లెక్సీ కూడా వేశారు. ఒకసారి ఇచ్చినవాళ్ళు మూడు నెలలు ఆగాలి, తీసిన రక్తం నలభై రోజులకు మించి నిలవుండదు. ఇవన్నీ జీవరత్నానికి కంఠోపాఠమే. అయినా మొహమాటానికి పోయి పిల్ల పీకల మీదికి తెచ్చాడు.

ఇప్పుడు మే నెలాఖరు. కాలేజీలకు సెలవులు, బ్లడ్‌బ్యాంకులో ఆ గ్రూపు ఒక్క సంచీ కూడా లేదు. ఆసుపత్రి వరండాలో హెలెన్ పాలిపోయి తల్లి దానమ్మ ఒళ్ళో పడుకుంది. అందర్నీ ఒకేరోజు ఎందుకు పంపావని దానమ్మ అడగలేదు. అడిగితే బాగుండుననిపించింది జీవరత్నానికి.

పది ఫోన్లయ్యాయి. మిగిలింది హనుమాన్ జంక్షన్‌లో టైర్ల షాపు బాలశౌరి. ఎప్పుడడిగినా ఏదో పని చెప్పి తప్పించుకునే మనిషి, శిబిరానికి మాత్రం వెళ్ళాడు. ఫ్లెక్సీ మధ్యలో నవ్వుతున్నది ఆయనే.

"మొన్న నేనూ ఇచ్చాగదండీ," అన్నాడు బాలశౌరి.

"తెలుసండీ. ప్రాణం ఊరుకోక చేశాను. ఉంటానండి."

అరగంటకి ఆయనే ఫోన్ చేశాడు. "పాపకి ఎట్టా ఉందండీ?"

"ఆయాసపడతందండీ."

బాలశౌరి గొంతు తగ్గించాడు. "నేనివ్వలేదండీ. నాకు సూదంటే భయం. ఫోటో దిగి లేచొచ్చేశాను. బయల్దేరతన్నా, ఉండండి."

జీవరత్నానికి కోపం రావాలి, రాలేదు. ఆ అబద్ధానికి దండం పెట్టాలనిపించింది.

బాలశౌరి కళ్ళు గట్టిగా మూసుకుని, చెమటలు కక్కుతూ ఇచ్చాడు. పరీక్షలన్నీ అయ్యి, సాయంత్రానికి ఆ సంచీ హెలెన్ మంచం పక్కన వేలాడింది. పిల్ల పెదాలకు రంగు తిరిగేదాకా ఆయన వెళ్ళలేదు.

"మళ్ళీ నన్నెప్పుడు రమ్మంటారు?"

"మూడు నెలలాగాలండీ."

"మరి పాపకెప్పుడు కావాలి?"

"మూడు వారాలకి."

బాలశౌరి మోచేతి మీది ప్లాస్టరు తడుముకుంటూ నిలబడ్డాడు. తర్వాత జేబులోంచి ఫోను తీశాడు.

"మా తమ్ముడిదీ ఇదే గ్రూపండీ. వాడికీ సూదంటే భయమే. నేను పక్కన కూర్చుంటాను."