ఆదివారం పలకరింపు

ఆదివారం వచ్చిందంటే శ్రీకాకుళం పొలిమేరలో ఉన్న నిర్మలతీరం ముందు ఆటోలూ మోటారు సైకిళ్ళూ పెళ్ళివారి విడిదికి వచ్చినట్టు బారులు తీరతాయి. వైద్యంతో ఇక నయం కాదని తేలిపోయిన మనుషుల్ని, ఉన్నన్నాళ్ళూ బాధ లేకుండా చూసుకుంటామని చెప్పే చోటు అది. గుమ్మంలో అడుగు పెట్టగానే చల్లటి మంచినీళ్ళు, వెనకే ఏలకుల టీ, కూర్చోడానికి మెత్తటి కుర్చీలు. పలకరింపుకు వచ్చిన చుట్టాలు టీ తాగి, లోపలికెళ్ళి రోగి ముఖం చూసి, బాగా చూస్తున్నారని ఊరికెళ్ళి చెబుతారు. ఆ మాట విని ఆ ఊళ్ళోంచి ఇంకో రోగి వస్తారు. వ్యాపారం అలా సాగిపోతోంది.

ఆ ఆదివారం గజపతినగరం నుంచి బస్సులో వచ్చిన ఈశ్వరి మాత్రం టీ పుచ్చుకోలేదు. ఆవిడ తప్పు పట్టడానికే వచ్చింది.

లోపల ఉన్నది ఆవిడ తల్లి, దేముడమ్మ. కోటబొమ్మాళి దగ్గర పల్లెలో జీవితమంతా పొలం పనుల్లో గడిపిన మనిషి. ఆ పక్క చాలామంది ఆడవాళ్ళకున్నట్టే పెళ్ళయిన కొత్తల్లోనే చుట్ట అలవాటైంది. అదీ అడ్డపొగ, అంటే నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని కాల్చడం. నాట్లేస్తున్నా, ధాన్యం ఎగరేస్తున్నా చుట్ట నోట్లోనే ఉండేది. ఆ నిప్పు అంగిట్లో పుండైంది, పుండు క్యాన్సరైంది. ఇప్పుడు మాట ముద్దగా తప్ప రాదు. విశాఖపట్నం పెద్దాసుపత్రి వాళ్ళు పరీక్షలన్నీ చేసి, ఇక చేసేదేం లేదు, తీసుకెళ్ళండన్నారు.

తీసుకెళ్ళేది ఎవరన్న దగ్గర అక్కాతమ్ముళ్ళకు చెడింది. మా ఇంటికి తీసుకుపోతానంది ఈశ్వరి. కోటబొమ్మాళిలో ఎరువుల కొట్టు నడుపుతున్న తమ్ముడు ధర్మేంద్ర ససేమిరా అన్నాడు. "కొడుకుండగా కూతురింట్లో పోతే ఊళ్ళో నా మొకం ఎవడైనా సూస్తాడా?" అన్నాడు. తన ఇంట్లో ఉంచుకోడానికి మాత్రం అతనికి వీల్లేదు. ఆ పుండు వాసనకు ఇంట్లో ఎవరూ అన్నం తినలేకపోతున్నారు. పరువూ పోకూడదు, వాసనా రాకూడదు. ఈ రెంటికీ కుదిరిన చోటు నిర్మలతీరం.

దాన్ని అతను ఎంచుకున్న తీరు చెబితే నవ్వొస్తుంది, కానీ మనలో ఎవరైనా అంతే చేస్తాం. సంబంధం చూడ్డానికి వెళ్ళినట్టు కారులో నలుగురు పెద్దమనుషుల్ని తీసుకెళ్ళాడు. వాళ్ళు వంటిల్లు చూశారు, కుళాయిలు తిప్పి చూశారు, దుప్పట్లు వేళ్ళతో తడిమారు. అతని మావగారు అసిరయ్య నేల మీద కాలు రాసి చూసి, ఇక్కడ విస్తరి లేకుండా అన్నం కలుపుకు తినొచ్చన్నాడు. అక్కడి మేనేజరు భీమశంకరరావు వాళ్ళందరికీ భోజనం పెట్టించాడు. ఆ భోజనం దగ్గరే సంబంధం ఖాయమైపోయింది. ఇక్కడ నొప్పికి ఏ మందిస్తారు, ఎవరిస్తారు అని ఆ అయిదుగురిలో ఒక్కరూ అడగలేదు.

ధర్మేంద్ర పెట్టిన షరతు ఒక్కటే. "అమ్మకి సంగతి తెల్దండి. నోటిపూతకి వైద్దెమని సెప్పి తెచ్చాం. జబ్బు పేరు గానీ, నొప్పి మాట గానీ ఆవిడ కాడ ఎత్తకండి. బెంగెట్టుకుంటాది." అన్నిటికీ తమ్ముడితో తగువాడిన ఈశ్వరి ఈ ఒక్కదానికి మాత్రం ఫోనులో సరేనంది. తల్లి దగ్గర ఆ మాట ఎత్తే ధైర్యం ఆవిడకూ లేదు.

ఇదీ జరిగింది. అందుకే ఆ ఆదివారం ఈశ్వరి కళ్ళు దుమ్ము కోసం వెతికాయి. మంచాల కింద వంగి చూసింది. దుప్పటి తడిమి చూసింది. మరుగుదొడ్డి తలుపు తీసి చూసింది. చెత్తబుట్ట మూత ఎత్తింది. ఎక్కడైనా ఒక్క బొద్దింక కనబడితే ధర్మేంద్ర ముఖాన కొట్టినట్టు చెప్పొచ్చని ఆశ. ఎక్కడా ఏమీ దొరకలేదు. తల్లి తెల్లటి దుప్పటి మీద కదలకుండా పడుకుని ఉంది. తల దువ్వారు, ముఖానికి పౌడరు రాశారు, నుదుట విభూతి పెట్టారు. మంచం పక్కన అగరొత్తులు వెలుగుతున్నాయి.

"చూశారుగా, ఎంత ప్రశాంతంగా ఉన్నారో" అన్నాడు భీమశంకరరావు.

ఈశ్వరి ఒప్పుకోక తప్పలేదు. బయటికొచ్చి మొగుడు చినబాబుకి ఫోన్ చేసి, సోటు సెడ్డగా ఏటీ లేదు అని చెప్పింది. చెబుతున్నప్పుడు ఆవిడ గొంతులో సంతోషం లేదు, ఓడిపోయిన ఉక్రోషం ఉంది. తల్లి సుఖంగా ఉందని తెలిస్తే కూతురికి రావలసింది ఉక్రోషమా? పోరు తమ్ముడితో పెట్టుకుంది కాబట్టి అమ్మను చూడ్డం మానేసి చెత్తబుట్ట చూసి వచ్చింది. ఆ సంగతి ఆవిడకు అప్పటికి తెలియలేదు.

ఆ ఉక్రోషమే ఆవిణ్ణి బుధవారం మధ్యాహ్నం మళ్ళీ అక్కడికి తెచ్చింది. చెప్పకుండా వెళ్తే దొరికిపోతారని ఆవిడ లెక్క. గేటు దగ్గర కాపలావాడు ఆపేశాడు. "పలకరింపులు ఆదివారమేనమ్మా. ఈయాల లోపలికి పంపరు."

"పలకరింపుకి నాను సుట్టాన్నేటి? కన్నకూతుర్ని" అని అతన్ని పక్కకు నెట్టి లోపలికి నడిచింది.

వరండాలోనే వాసన తగిలింది. బుధవారం నాడు అగరొత్తులు లేవు. గదిలో దేముడమ్మ గోడవైపు తిరిగి, మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని ఉంది. ఒక చెయ్యి మంచం పట్టెను పట్టుకుని ఉంది. నోట్లో తువ్వాలు. దాన్ని పళ్ళతో కరిచి పట్టుకుని ఉంది. తువ్వాలు కొస రక్తంతో, చీముతో తడిసిపోయింది. పుండుకు కట్టిన గుడ్డ మార్చి ఎన్నాళ్ళయిందో చూస్తే తెలుస్తోంది.

గదిలో ఉన్న నర్సు ఉష ఈశ్వరిని చూసి గతుక్కుమంది.

"తువ్వాలు ఎవులెట్టారు?"

"ఆవిడే ఎట్టుకుంటాదమ్మా. కేకేస్తే పక్క మంచాలోళ్ళు గొడవ సేస్తారు."

"ఆదివారం సల్లగా పడుకున్నాదే?"

"ఆదివారం పొద్దున్న నిద్రమాత్రలు ఏసీమంటారు. సుట్టాలొచ్చేసరికి అందరూ పడుకోవాల."

"మరి నొప్పికి?"

"జొరం మాత్రే ఇస్తన్నామమ్మా. ఈ నొప్పికి మార్ఫిన్ ఉండాల. అది ఇవ్వాలంటే నేర్చుకున్న డాక్టరు ఉండాల, ఇక్కడ లేరు."

నొప్పి లేకుండా చూసుకుంటామని బోర్డు మీద రాసుకున్న చోట నొప్పికి మందు లేదు. నిగనిగలాడే నేల ఉంది. ఇలాంటి చోట్లు మనం వెతుక్కుంటూ వెళ్తేనే పుడతాయి.

ఈశ్వరి తల్లి పక్కన కూర్చుంది. ఇన్ని నెలల్లో నోటిదాకా రానివ్వని మాట ఇప్పుడు అడిగింది. "నొప్పెడతందా అమ్మా?"

దేముడమ్మ తువ్వాలు తీసింది. మాటలు ముద్దముద్దగా, ఒక్కొక్కటే వచ్చాయి. "ఇన్నాళ్ళకి అడిగినావా?"

ఈశ్వరికి దుఃఖం రాలేదు. ఒళ్ళు మండింది. ఎవరి మీదో ముందు తెలియలేదు. అప్పటికే భీమశంకరరావు గుమ్మంలోకి వచ్చాడు కాబట్టి ముందు అతని మీద పడింది.

"మనిషిని తువ్వాలు కరిపించి పడుకోబెట్టినారు. ఇదేనా మీ సేవ?"

"గొంతు తగ్గించండి. ఇక్కడ మిగతా పేషెంట్లున్నారు" అన్నాడు అతను. "నొప్పి మాట ఎత్తొద్దని మీవాళ్ళే చెప్పారు. అడగొద్దన్నాక మేమెలా అడుగుతాం? మొన్న ఆదివారం మీరే చూసి వెళ్ళారు కదమ్మా. అప్పుడు లేని నొప్పి ఇప్పుడెలా వచ్చింది?"

సరేనన్నవాళ్ళలో ఈశ్వరీ ఉంది. వాళ్ళు దాచింది తన కళ్ళ ముందే, తనిచ్చిన అనుమతితోనే దాచారు. సిగ్గుతో ఆవిడ ముఖం కందిపోయింది. ఫోన్ తీసి ధర్మేంద్రను రమ్మంది.

ధర్మేంద్ర కొట్టు మూసి బండి మీద వచ్చాడు. వస్తూనే అక్క మీద విరుచుకుపడ్డాడు. "ఎందుకప్పా ఈ రచ్చ? నీకు నన్ను నలుగుర్లో నవ్వులపాలు సెయ్యాలని ఉన్నాది." తర్వాత మేనేజరు వైపు తిరిగాడు. "ఏమండీ, మా అమ్మకెలాగుందండీ?"

"ఆయన్నెందుకడుగుతావురా" అంది ఈశ్వరి. "ఆయన నోట్లో ఉన్నాదేటి పుండు? అదిగో అమ్మ. అమ్మనడుగు."

ధర్మేంద్ర తల్లి వైపు చూడలేకపోయాడు. కళ్ళతో అక్కకు సైగ చేశాడు, అమ్మ వింటోంది, ఊరుకో అన్నట్టు. దేముడమ్మ ఆ సైగ చూసింది. అరచేత్తో మంచం పట్టె మీద గట్టిగా కొట్టింది.

"నాకు నోరే పోనాదిరా, సెవులు పోలేదు" అంది. ప్రతి మాటకూ ఆగి ఊపిరి పీల్చుకుంటోంది. "అడ్డపొగ కాల్సిన దానికి ఏటొస్తాదో నాకు తెల్దా? మా అత్తకీ ఇదే వచ్చింది. నాను సూసినాను. మీరు దాస్తన్నారు కదాని నానూ ఊరుకున్నాను. వచ్చినోళ్ళందరూ బాగున్నాదా, తింటన్నాదా అని ఈ బాబుని అడుగుతారు. నన్నొక్కడూ అడగడు. పోతానని నాకు బెంగ లేదురా. ఈ నొప్పితో పోతానని బెంగ."

అంతసేపు మాట్లాడ్డంతో నోటినుంచి రక్తం కారింది. ఉష గుడ్డ పట్టుకుంది. ధర్మేంద్ర గోడకు ఆనుకుని నిలబడిపోయాడు. పరువు గురించి మళ్ళీ మాట్లాడలేదు.

మర్నాడు దేముడమ్మను అక్కడినుంచి తీసుకెళ్ళిపోయారు. విజయనగరానికీ గజపతినగరానికీ మధ్య రోడ్డు పక్కన ఒక పాత పెంకుటింట్లో డాక్టర్ ఝాన్సీ ఇలాంటి రోగుల్ని చూస్తోందని ఉషే చెప్పింది. అక్కడ చుట్టాలకు కుర్చీల్లేవు. గోడలకు సున్నం వేసి చాలా ఏళ్ళయింది. ధర్మేంద్ర గుమ్మంలోనే ముఖం చిట్లించాడు. "ఈ కొంపలో ఎట్టడానికా అక్కడినుంచి తెచ్చాం?"

డాక్టర్ ఝాన్సీ అతని మాట పట్టించుకోలేదు. అన్నీ చెప్పబోయిన ఈశ్వరిని కూడా చేత్తో ఆపింది. మంచం అంచున కూర్చుని దేముడమ్మనే అడిగింది. నొప్పి ఎక్కడ మొదలవుతుంది, ఏ వేళకు పెరుగుతుంది, మింగుతుంటే ఎక్కువా, పడుకుంటే ఎక్కువా. దేముడమ్మ చెప్పలేని చోట చేత్తో చూపించింది. డాక్టరు ఎక్కడా తొందరపడలేదు. పుండు కడిగించి, వాసన తగ్గడానికి మందు వేయించి, మార్ఫిన్ మొదలుపెట్టింది. వెళ్ళేముందు ఇంకో మాట అడిగింది. "ఏం తినాలనుంది పెద్దమ్మా?"

"సోడంబలి" అంది దేముడమ్మ.

ఈశ్వరి చోడిపిండితో, అదే రాగిపిండితో, అంబలి పల్చగా కాచి తెచ్చింది. దేముడమ్మ దాన్ని చెంచాతో కొంచెం కొంచెంగా తాగింది. మర్నాడు మధ్యాహ్నం నిద్రమాత్ర లేకుండానే పడుకుంది. లేచి, వరి ఊడ్పులు ఎంతవరకు వచ్చాయని కొడుకుని అడిగింది, ఎరువు ఎక్కువ వెయ్యొద్దని కసిరింది. అక్కాతమ్ముళ్ళు మాత్రం మంచానికి చెరో పక్కన కూర్చున్నారు, ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. ఈశ్వరికి తమ్ముడి మీద కోపం పోలేదు. తన మీద తనకున్న కోపం అంతకంటే ఎక్కువ.

ఆ నెల దాటాక, వానలు తెరిపిచ్చిన ఒక మధ్యాహ్నం, ఝాన్సీ గారి పెంకుటింట్లోనే దేముడమ్మ పోయింది. ఆఖరి రోజున కూడా నొప్పి ఉందా అని అడిగితే లేదని తల ఊపింది.

పెద్దకర్మ నాడు కోటబొమ్మాళిలో భోజనాలయ్యాక గంగులు ఈశ్వరి దగ్గరికి వచ్చాడు. వరసకు మావ అవుతాడు. అతని అప్పకి, అంటే అక్కకి, కాలేయం చెడిపోయిందని, ఇక లాభం లేదన్నారని చెప్పాడు.

"ఏదో ఒక సోట ఎట్టాలమ్మా. నువ్వు రెండు సోట్లూ సూసినావు కదా. ఏది మంచిదో సెప్పు. గదులెలాగుంటాయి? రోజూ దుప్పట్లు మారుస్తారా? మన సుట్టాలొచ్చి సూస్తే బాగున్నాదనుకోవాల గదా."

పక్కనే ధర్మేంద్ర ఉన్నాడు. చెప్పొద్దన్నట్టు అక్కవైపు చూశాడు. ఈశ్వరి చెప్పింది.

"ఆ దుప్పటి నాను తడిమి సూసినాను మావా. మెత్తగున్నాది. దాని మీద మా అమ్మ గుడ్డ కరుసుకుని పడున్నాది. ఏ సోటుకైనా ఎల్లు. నొప్పికి మందున్నాదా, ఇచ్చే డాక్టరున్నాడా అని ముందు అడుగు. తరవాత ఆదివారం కాదు, ఏ రోజు పడితే ఆ రోజు సెప్పకుండా ఎల్లు. మేనేజర్ని అడక్కు, నన్నూ అడక్కు. మీ అప్పనే అడుగు. ఆ సోటు మంచిదో కాదో సెప్పాల్సింది పలకరింపుకి వచ్చినోళ్ళు కాదు మావా, మంచం మీదున్న మనిషి."