కత్తిరించిన పదకొండు సెకన్లు

సోమవారం ఉదయం ఆర్విల్ స్టాక్‌హౌస్ తన గది తలుపుకు లోపల గడియ పెట్టుకుని, శనివారం ఆటను తీసిన ఫిల్ము రీలులోంచి పదకొండు సెకన్ల ముక్క కత్తిరించాడు. తెగిన కొసలు రెండూ తన చేతులతోనే అతికించాడు. ఒహాయోలోని ఓ కళాశాల జట్టుకు ఇరవై ఏడేళ్ళుగా అమెరికన్ ఫుట్‌బాల్ నేర్పుతున్న చేతులవి. మైదానం గేటు మీద ఇనుప అక్షరాల్లో ఉన్నది ఆయన పేరే.

ఆ ముక్కలో తన జట్టు కుర్రాడు లోనీ ప్రూవిట్ ఉన్నాడు. తలకు దెబ్బ తగిలి లేచి, తూలుకుంటూ వెళ్ళి, ఎదుటి జట్టువాళ్ళ మధ్య నిలబడ్డాడు. తనవాళ్ళెవరో అతనికి తెలియలేదు. స్టాక్‌హౌస్ అతని హెల్మెట్ ఊచలు పట్టుకుని ఇటు తిప్పి, వీపు మీద చరిచి మళ్ళీ ఆటలోకి తోశాడు. ఇంకో అరగంటకు లోనీ కుప్పకూలాడు. ఆస్పత్రిలో ఇంతవరకూ కళ్ళు తెరవలేదు.

"కుర్రాడు దెబ్బ దాచుకున్నాడండీ. నాకు ఒక్క ముక్క చెప్పలేదు. కావాలంటే రీలు చూడండి" అని కళాశాల అధ్యక్షుడితో ఆదివారమే అనేశాడు స్టాక్‌హౌస్. అలవాటు కొద్దీ వచ్చిన మాట. తప్పు ఒప్పుకోని ఆటగాళ్ళందరికీ ఆయన ఇన్నేళ్ళుగా చెబుతూ వచ్చింది అదే: రీలు చూడు. మంగళవారం పదింటికి అందరూ కలిసి చూద్దామని అధ్యక్షుడు నిశ్చయించాడు. లోనీ తల్లిని కూడా రమ్మన్నాడు.

ఆ ముక్కను కోటు జేబులో వేసుకుని గడియ తీసేసరికి సహాయకుడు క్లైడ్ చంకలో ఒక రేకు డబ్బాతో నిలబడి ఉన్నాడు.

"గడియెందుకు కోచ్ గారూ, లోపల పేకాటా?"

"ఏమిటది?"

"ఏమిటంటారేమిటి? వచ్చే శనివారం మనతో ఆడేవాళ్ళ రీలు. నిన్న మధ్యాహ్నం ఎప్పటిలా దారి మధ్య హోటల్లో కలుసుకున్నాం. మన శనివారం ఆట రీలు రెండో ప్రతి వాళ్ళకిచ్చాను, వాళ్ళది పుచ్చుకున్నాను. ఆ వచ్చినవాడు నా ప్లేటులో ఆపిల్ కేకు కూడా లాగించేశాడు, తిండిపోతు వెధవ!"

స్టాక్‌హౌస్ బల్ల అంచు పట్టుకున్నాడు. ఆటకు ముందు రెండు జట్లూ తమ రీళ్ళు మార్చుకోవాలనీ, అందులో ఒక్క బొమ్మ కూడా కత్తిరించకూడదనీ పదిహేనేళ్ళ కిందట పట్టుబట్టి నియమం రాయించినవాడు ఆయనే. రెండో ప్రతి సంగతి ఆయనకు ఎలా గుర్తు రాలేదో ఆయనకే అర్థం కాలేదు. భయం మనిషి కళ్ళ ముందున్నది కూడా కనబడనివ్వదు.

సాయంత్రం ఫోన్ మోగింది. వచ్చే శనివారం ఆడబోయే అవతలి కళాశాల కోచ్ వెండెల్ రక్మన్. ఒకప్పుడు స్టాక్‌హౌస్ చేతికింద ఆడినవాడు.

"కోచ్ గారూ, మీ రీలు చూశాను. ఆ కుర్రాడెలా ఉన్నాడు?"

"ఇంకా లేవలేదు."

"దెబ్బ దాచుకున్నాడని మీరన్నట్టు పేపర్లో రాశారు."

స్టాక్‌హౌస్ కోటు జేబు తడుముకున్నాడు.

"ఒక్కటి చెప్పండి. మీ దగ్గరున్న రీలూ నా దగ్గరున్న రీలూ ఒక్క పొడుగేనా?"

"నిన్ను మనిషిని చేసింది నేను వెండెల్."

"అవునండీ. అందుకే ముందు మిమ్మల్ని అడిగాను" అని రక్మన్ ఫోన్ పెట్టేశాడు. ఏం చేస్తాడో చెప్పలేదు.

మంగళవారం అధ్యక్షుడి గదిలో కిటికీ తెరలు దించి రీలు తిప్పారు. లోనీ తల్లి వెర్నా ప్రూవిట్ బట్టల మిల్లులో కుట్టుపని చేసే మనిషి. మూడు రాత్రులు నిద్ర లేకపోయినా కళ్ళార్పకుండా చూసింది.

"ఆపండి" అంది. "మావాడు ఇందాక అటు చివర ఉన్నాడు. రెప్పపాటులో ఇటు వచ్చాడు. మధ్యలో నడవలేదా?"

"కెమెరా ఆగి ఉంటుందమ్మా" అన్నాడు అధ్యక్షుడు.

"నేను రోజంతా అతుకులు వేసేదాన్ని బాబూ. అతుకు నాకు తెలుస్తుంది." ఆమె స్టాక్‌హౌస్ వైపు తిరిగింది. "కోచ్ గారూ, మావాడు చిన్న గీత పడినా ఇంటికొచ్చి చూపించేవాడు. వాడు దాచుకున్నాడంటే నమ్మలేకపోతున్నాను. మీరు చెప్పండి, నమ్మమంటారా?"

అప్పుడే కిటికీ తెర సందులోంచి ఆయనకు కింద ఆగిన కారు కనిపించింది. దిగినవాడు వెండెల్ రక్మన్. చంకలో రేకు డబ్బా.

మెట్లు నలభై రెండు. ఇరవై ఏడేళ్ళుగా ఎక్కుతున్నవాడు, లెక్క తెలుసు. మోకాలు దెబ్బతిన్న రక్మన్ వాటిని నిదానంగా ఎక్కుతాడని కూడా తెలుసు. ఆ మోకాలితోనూ ఒకనాడు అతన్ని మైదానంలోకి తోసింది తానే. ఇంకా సమయం ఉంది. జేబులో చెయ్యి పెట్టాడు. ముక్క అంచు వేలికి గరుకుగా తగిలింది. తీసి ఆమె చేతిలో పెడితే చాలు. లోనీ అబద్ధాలకోరు కాడని తన నోటితోనే తేలిపోతుంది. ఎన్ని వందలమంది పిల్లలకు భయపడవద్దని చెప్పిన నోరది! ముక్క జేబులోనే ఉండిపోయింది. వసారాలో ఒక పాదం చప్పుడు, దాని వెనక ఈడ్చుకొచ్చే రెండో పాదం చప్పుడు, దగ్గరవుతున్నాయి.

"చెప్పండి" అంది వెర్నా మళ్ళీ.

ఆయన తల దించుకున్నాడు.

తలుపు తట్టిన చప్పుడైంది. గదిలో ఎవరూ కదలలేదు. ఆ తల్లే లేచి వెళ్ళి తలుపు తీసింది.