వేపాకు పూసిన వారం

స్నిగ్ధ నోట్లో ముద్ద పెట్టి, ఆ పిల్ల మింగేదాకా యమున తన నోరు కూడా తెరిచే ఉంచింది. అలా చూస్తూ ఉంటేనే తింటుంది. మూడేళ్ళ పిల్ల. తల్లి పెడితే ఉమ్మేస్తుంది, యమున పెడితే గిన్నె అడుగు కనిపించేదాకా తింటుంది. శామీర్‌పేట చెరువు వైపున్న ఆ విల్లాలో యమున చేసే పనంతా ఇదే. తినిపించడం, కడగడం, జోకొట్టడం.

ముద్ద కలుపుతుంటే మోచెయ్యి ఛాతీకి తగిలి ప్రాణం జివ్వుమంది. డ్రెస్సు లోపల మొగుడి పాత లుంగీ చింపి బిగించి కట్టుకుంది. అయినా తడి పైకొచ్చింది. చున్నీ అంచుతో అద్దుకుని, మీద కప్పుకుంది.

కొడుక్కి పాలు మానిపించి వారమైంది. ఇంకా పాకుతూనే ఉన్న పిల్లవాడు. తాత పేరే పెట్టారు, ఓదెలు అని.

మానిపించమన్నది స్నిగ్ధ తల్లి పల్లవి మేడమే. "పాలు తాగే పిల్లగాన్ని పెట్టుకొని అంత దూరం ఎట్లొస్తవే? ముందుగాల బంద్ చెయ్యి. లేకుంటే స్నిగ్ధకు ఇంకొకర్ని చూసుకుంటం."

అంత దూరం అంటే పసిఫిక్ సముద్రం నడుమ ఒక దీవి. పల్లవి ఫోన్‌లో చూపించింది. ఎవరో చేతి గాజు తీసి నీళ్ళ మీద పడేసినట్టుంది. గాజంత సన్నటి ఇసుక, దాని లోపల ఆకుపచ్చ నీళ్ళు, బయట నల్లటి సముద్రం. అలియాబాద్‌లో యమున వాళ్ళ గల్లీలో ఉన్నంతమంది కూడా అక్కడ ఉండరట. వారానికోసారి చిన్న విమానం వస్తుందట.

"మరి జరమొస్తే ఎట్ల సార్?" అని అడిగింది యమున.

పల్లవి మొగుడు మధుసూదన్ నవ్వాడు. "ఓర్సుకోవాలె. మనుషులు లేని జాగ గావాలనే గద పోతున్నం." ప్లాట్లు అమ్మే మనిషి ఆయన. పొద్దస్తమానం చుట్టూ మనుషులే.

యమునకూ పోవాలనే ఉంది. ఆమె చూసిన దూరం కొమురవెల్లి జాతర వరకే. పాస్‌పోర్టు కోసం పోలీసు ఇంటికొచ్చిన రోజు అత్త రుక్కమ్మ గల్లీ అంతా తిరిగి చెప్పుకుంది. వేపాకు నూరి ఇచ్చిందీ ఆమే. "పూసుకో బిడ్డా. రెండుసార్లు చేదు తగిల్తె వాడే మర్లిపోతడు."

మొదటిసారి ఓదెలు నోరు పెట్టి, తీసి, తల్లి ముఖంలోకి చూశాడు. ఏడవలేదు. ఎవరో కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. ఇప్పుడు సీసాపాలు తాగి అవ్వ పక్కన పడుకుంటున్నాడు.

సాయంత్రం బయల్దేరాలి. మధ్యాహ్నం మధుసూదన్ బరువు చూసే మిషన్‌ను హాలు మధ్యకు జరిపాడు. చిన్న విమానం వాళ్ళు పొద్దున మెసేజ్ పెట్టారు. మనుషులూ సామానూ కలిపి తూకం దాటితే ఎక్కనివ్వరట. పచ్చళ్ళ డబ్బాలు, కుక్కర్, నీళ్ళలో మునగడానికి కొన్న సామాను, కెమెరా పెట్టె అన్నీ ఎక్కి దిగాయి. పల్లవి ఎక్కి, మొహం చిట్లించుకుని దిగింది.

"యమునా, నువ్వు గూడ ఎక్కు."

స్నిగ్ధను చంకనేసుకునే ఎక్కింది.

"పిల్లను దించు. దానిది చూసినం."

దించి నిలబడింది. మధుసూదన్ వంగి అంకె చూశాడు. అన్నీ కలిపితే తూకం దాటింది. కెమెరా పెట్టెను, మునిగే సామాన్ను పక్కకు నెట్టాడు. మళ్ళీ దగ్గరికి లాక్కున్నాడు.

"ఇవి లేకుంటే ఆడ ఏం జేస్తం పల్లవీ? ఇసుకల కూసుందామా?"

"మరి స్నిగ్ధ తినదు గద."

"ఆకలైతె అదే తింటది."

పల్లవి యమున వైపు తిరిగింది. గొంతు మెత్తబడింది. "ఒకందుకు మంచిదే యమునా. నీకు పాలు తాగే కొడుకున్నడు. వాన్ని ఇడిసిపెట్టి వస్తే నీ పానం ఈడనే కొట్టుకుంటుండె."

"బంద్ జేసిన మేడమ్. మీరే జెయ్యమన్నరు."

"మల్ల పట్టు. తల్లిపాలు యాడికి పోతయ్?"

యమున మిషన్ మీదే నిలబడి ఉంది.

"దిగు ఇగ," అన్నాడు మధుసూదన్.

దిగింది. అంకె సున్నాకొచ్చింది.

కారు గేటు ముందుకొచ్చాక స్నిగ్ధ రాగం అందుకుంది. యమున మెడ వదల్లేదు. పల్లవికి అప్పుడు తోచింది. "నీ చున్నీ ఇయ్యి. నీ వాసనకైన పండుకుంటది."

యమున తీసి ఇచ్చింది. పాలు అద్దిన మూల ఎండి గట్టిపడి ఉంది. స్నిగ్ధ ఆ మూలనే నోట్లో పెట్టుకుని ఊరుకుంది.

"దీనికేం బరువుంది," అన్నాడు మధుసూదన్, మెచ్చుకుంటూ.

"వచ్చినంక ఫోన్ జేస్త. అప్పటిదాక నీకు ఆరామే," అంది పల్లవి. అద్దం పైకి లేచింది. పిల్ల వెనక్కి తిరిగి చూడలేదు.

కరీంనగర్ రోడ్డు మీద షేర్ ఆటోలో, తడి కనబడకుండా చేతులు కట్టుకుని, ముందుకు వంగి కూర్చుంది యమున.

"పోలేదా?" అంది రుక్కమ్మ గుమ్మంలోనే.

"బరువైతున్ననట."

"గింత బక్కదానివా?" రుక్కమ్మ నవ్వబోయింది. కోడలి మొహం చూసి ఆగిపోయింది.

యమున సబ్బుతో రుద్ది రుద్ది కడుక్కుని వచ్చి, ఓదెలును ఒళ్ళో వేసుకుంది. వాడు రొమ్ము వంక చూశాడు. పెదాలు బిగించాడు. నెమ్మదిగా మొహం తిప్పుకుని, అవ్వ వైపు చేతులు చాచాడు. రుక్కమ్మ వాణ్ణి అందుకుంది.

యమున మోరీ దగ్గర గోడవైపు తిరిగి కూర్చుని పాలు పిండేసుకుంది. తెల్లటి చార నీళ్ళలో కలిసి బయటికి పోయింది. లోపల సీసా చప్పరిస్తున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది.

గూట్లో వేపాకు గిన్నె అలాగే ఉంది. ఎండి నెర్రెలిచ్చిన ముద్ద మీద, ఆమె రెండు వేళ్ళు తీసిన గీతలు.